తీయడం

మా పెద్దమ్మ టీవీలో ‘సెక్రటరీ’ చూసి ఒక్క ముక్కలో తేల్చేసింది: “బాగానే తీశాడు గానీ, చాలా తీసేశాడు.” యద్దనపూడి సులోచనారాణి నవలను, నాయిక జయంతిగా వాణిశ్రీతో, కె.ఎస్. ప్రకాశరావు 1976లో తెరకెక్కించిన సినిమా అది. పెద్దమ్మ వ్యాకరణం చదువుకోలేదు. కానీ తీయడానికీ తీసివేయడానికీ మధ్య ఎంత దూరమో ఆవిడకు తెలుసు.

తెలుగులో ఒక్కోదానికి ఒక్కో క్రియ. పద్యం చెబుతాం, పాట కడతాం, కథ రాస్తాం, నాటకం వేస్తాం. సినిమా మాత్రం తీస్తాం. ఫోటో తీయడం నుంచి వచ్చి ఉంటుంది. ఆ తీయడం ఇంగ్లీషు ‘టేక్’కి నకలేమో కూడా. కానివ్వండి, మన నోట పడ్డాక దానికి వంటింటి వాసన, పెరటి వాసన అంటుకున్నాయి. పాల మీద మీగడ తీస్తాం, కాల్లో ముల్లు తీస్తాం, బావిలో పూడిక తీస్తాం. పనికొచ్చేదాన్ని పైకి తేవడమూ, పనికిరానిదాన్ని అవతల పారేయడమూ ఒకే మాట చూసుకుంటుంది. నవలను పట్టుకుని సినిమాకు కూర్చున్నవాడి పని అదే కదా! ‘అనుసరణ’ అన్న పండితపదంలో ఈ సంగతి లేదు. అను అంటే వెనక, సరణ అంటే నడక. మూలం ముందు పోతుంటే చేతులు కట్టుకుని వెంట నడిచే మర్యాద అది.

గురజాడ 1909లో పెంచి రాసిన ‘కన్యాశుల్కం’ మొత్తాన్ని ఒక్క రాత్రిలో ఆడడమే గగనం. 1955లో పి. పుల్లయ్య దాన్ని తీశారంటే, ఎంతో తీసేస్తే గానీ కుదిరే పని కాదు. ‘దేవదాసు’ దారి వేరు. 1917లో అచ్చయిన శరత్ బెంగాలీ నవల చిన్నది. 1953లో వేదాంతం రాఘవయ్య దాన్ని తీసినప్పుడు సి.ఆర్. సుబ్బరామన్, ఘంటసాల కలిసి అందులోంచి రాగం తీశారు. ఈవేళ దేవదాసు అనగానే మనకు నవలలో పేరా గుర్తురాదు, పాట గుర్తొస్తుంది. ఇక సినిమా నచ్చకపోతే నవల పరువు తీశాడంటాం. అక్కడా ఇదే క్రియ, పాపం.

ఇప్పటి దర్శకులు ‘సినిమా చేశాను’ అంటున్నారు. నాకది చప్పగా తోస్తుంది. తీశానంటే, ‘దేనిలోంచి?’ అని అడగొచ్చు. చేశానంటే ఆ ప్రశ్నకు చోటే లేదు.

పత్రికలోంచి ‘సెక్రటరీ’ కాగితాలు తీసి కుట్టించుకున్న బైండు పెద్దమ్మ దగ్గర ఉండేది. వెనక పేజీల్లో సగం సబ్బు ప్రకటనలు, సగం స్వెట్టర్ల అల్లిక. మధ్యలో ఒక సంచిక లేదు. చదివి ఇస్తానని పట్టుకెళ్లిన పక్కింటావిడ మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. సినిమా చూశాక పెద్దమ్మ ఆ ఖాళీలో జరిగింది కూడా మాకు చెప్పడం మొదలుపెట్టింది. బైండులో మిగతా అంతటా జయంతి జయంతే. అక్కడ మాత్రం అచ్చం వాణిశ్రీలా నవ్వేది.