పేరు పోగొట్టుకొన్న పిప్పలి

బాలింతకు కాయము చేయునాడు తప్ప పిప్పళ్ళను తలచుకొను ఇండ్లు నేడు తక్కువ. పచారి కొట్టువాడు పొట్లము కట్టి యిచ్చు ఆ నల్లని, వ్రేలి కణుపంత కంకులు ఒకప్పుడు రోము నగరమున మిరియములకంటె దాదాపు నాలుగింతల వెలకు అమ్ముడుపోయినవని మేము చెప్పినచో శ్రోతలకు వింతగా తోచవచ్చును. అంతకంటె వింత మరియొకటి కలదు. ఐరోపా వారు నేడు మిరియమును పిలుచు పేరు నిజమునకు మిరియముది కాదు, మన పిప్పలిది.

పిప్పలి తీగ తమలపాకు తీగకును, మిరియపు తీగకును దగ్గరి చుట్టము. ఆకు చూచినవారికి ఆ చుట్టరికము వెంటనే తెలియును. ఆడతీగ వేరు, మగతీగ వేరు. ఆడతీగ కంకులను పండకమునుపే కోసి యెండబెట్టుదురు. ఆ యెండుటలోనే వాటికి నలుపును, ఘాటైన సువాసనయు వచ్చును. సంస్కృతమున దీనికి మాగధి యనియు, వైదేహి యనియు పేర్లు. మగధ, విదేహ దేశములు రెండును నేటి బీహారు ప్రాంతములోనివే కనుక, పూర్వులకు ఈ సరుకు ఏ దిక్కునుండి వచ్చెడిదో ఆ పేర్లే చెప్పుచున్నవి. అథర్వవేదము ఆరవ కాండమున దీనిని గాయములను మాన్పు ఓషధిగా స్తుతించిరి.

ఉత్తరాపథమునుండి పారసీకుల మీదుగా ఈ కంకులు పడమటికి పోయినవి. వాటితో పేరును పోయినది. దారిలో లకారము రేఫమై, పిప్పలి గ్రీకుల నోట 'పెపెరి' యైనది. లాటినులో 'పైపర్', ఇంగ్లీషులో 'పెప్పర్' అయినది. అరిస్టాటిల్ శిష్యుడగు థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథమున పెపెరి రెండు విధములని వ్రాసెను: ఒకటి గుండ్రనిది, రెండవది పొడవైనది, నల్లనిది. అతడు దానిని వంటయింటి దినుసులలో చేర్చలేదు. దేహమున వేడి పుట్టించు మందుగా, విషమునకు విరుగుడుగా పేర్కొనెను.

క్రీ.శ. మొదటి శతాబ్దినాటికి రోమను పండితుడు ప్లినీ అంగడి ధరలను వ్రాసిపెట్టెను. ఒక పౌను పిప్పలి 15 దినారములు, తెల్లమిరియము 7, నల్లమిరియము 4. కారము తప్ప మరియొక గుణము లేని ఈ వస్తువు కొరకు ఇండియా వరకు పోవలయునా, దీనిని బంగారమువలె వెండివలె తూచి కొనవలయునా యని అతడు విసుగుకొనెను. అంతటి పండితుడును పొడవైన కాయ, గుండ్రని గింజ ఒకే చెట్టువని భ్రమపడెను. ఎండి పొట్లమై వచ్చిన సరుకును మాత్రమే చూచినవారికి అట్టి భ్రమ సహజమే.

నల్లమిరియము అంత చవుక యగుటకు కారణము సముద్రము. అదే శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ప్రయాణ గ్రంథము ప్రకారము పిప్పళ్ళు భరుకచ్ఛము, అనగా నేటి భరూచ్ రేవున ఓడ లెక్కెడివి. మిరియములో, కేరళ తీరమున ముచిరి మొదలగు రేవులనుండి. ఋతుపవనముల నమ్మి తిన్నగా కేరళకు నడచిన ఓడలు మిరియమును రాసులుగా మోసికొని పోయినవి. పిప్పలి బీహారు మొదలుకొని భూమార్గమున బండ్లమీద రావలయును. సరుకు విస్తారముగా దొరకినవాడే పేరును దక్కించుకొనెను. 1498లో పోర్చుగీసువారు కళ్ళికోట చేరిన తరువాత మిరియము ఇంకను సులభమైనది. అమెరికా మిరపకాయ వచ్చిన పిమ్మట పిప్పలి యవసరము ఐరోపా వంటయిండ్లలో బొత్తిగా తీరిపోయినది. కొలంబసు అనుచరులు ఆ మిరపకాయకును 'పెప్పర్' పేరే తగిలించిరి! మనమును తక్కువ తినలేదు; మిరప యను మాటలో మిరియపు చాయ కానవచ్చుచునే యున్నది.

పడమట పేరు మాత్రమే మిగిలినది. మన వైద్యమున వస్తువు మిగిలినది. శొంఠి, పిప్పలి, మిరియము కలిసినచో త్రికటుకము. దగ్గునకు ప్రసిద్ధమైన సితోపలాది చూర్ణమున పటికబెల్లము 16 పాళ్ళు, వెదురుప్పు 8, పిప్పలి 4, ఏలకులు 2, లవంగపట్ట 1. అయితే మమ్ము ఎక్కువగా ఆకర్షించినది చరకసంహితలో రెండుచోట్ల కనబడు రెండు మాటలు. రసాయన ప్రకరణమున వర్ధమాన పిప్పలి యను విధానము కలదు: తొలినాడు 10 పిప్పళ్ళు, దినమునకు పదేసి పెంచి పదవనాటికి 100, మరల పదేసి తగ్గించి ముగించుట. లెక్క వేసినచో సరిగా 1000 యగును. విమానస్థానమున ఆ గ్రంథమే పిప్పలి, క్షారము, ఉప్పు ఈ మూటిని అతిగా వాడరాదని హెచ్చరించుచున్నది. ఇది పరస్పర విరుద్ధమని కొందరందురు. మాకు అట్లు తోచదు. మొదటిది వైద్యుని కనుసన్నలలో కొద్దిదినములు జరుగు చికిత్స; రెండవది నిత్యాహారమును గూర్చిన మాట. శ్రోతలెవ్వరును ఇంట ఈ వేయి పిప్పళ్ళ ప్రయోగమునకు దిగరాదని మా మనవి.

ఆ హెచ్చరిక చెప్పుచోటనే పిప్పలి 'యోగవాహి' యని చరకుడు పలికెను. తనతో కలిసిన మందు గుణమును మోసికొనిపోవునది యని దాని భావము. 1819లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ మిరియమునుండి పైపరిన్ అను సారమును వేరుచేసెను. విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధమును మరుసటి యేడు లోకమునకు తెలిపినవాడు ఇతడే. పిప్పలిలోనూ ఉన్న ఆ పైపరిన్, ప్రేవులును కాలేయమును మందులను విరిచివేయు పనిని మందగింపజేయునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 1998లో బెంగళూరు పరిశోధకులు పసుపు సారముతో కొద్దిగా పైపరిన్ చేర్చి యిచ్చినపుడు రక్తమున చేరిన సారము 20 రెట్లయినది. జమ్మూ పరిశోధనాలయపు కృషి ఫలితముగా 2009లో క్షయకు ఒక బిళ్ళ వచ్చినది. అందు 10 మిల్లీగ్రాముల పైపరిన్ తోడగుటచే 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ బదులు 200 చాలినది. అయితే మేలు చేయు మందును మోయునది, మోతాదు మించిన మందును కూడ మోయును. నిత్యము బిళ్ళలు మ్రింగుచున్నవారు పిప్పలి చూర్ణము వాడదలచినచో వైద్యునితో ముందుగా చెప్పుట మంచిది.

తెలుగునాట ఈ తీగకు విశాఖ మన్యము ప్రసిద్ధి. చింతపల్లి, పాడేరు కొండలలో గిరిజన రైతులు దీనిని కంకికంటె వేరుకొరకే యెక్కువగా పెంచుదురు. తీగను కొన్నేండ్లు నేలలో ఉంచి, వేరు బలిసిన పిదప త్రవ్వి, చిన్నముక్కలుగా కోసి యెండబెట్టి సంతకు తెత్తురు. ఆ వేరే మోడి. కాయపు దినుసుల పట్టీలో పిప్పళ్ళు ఒక పంక్తిలోను, మోడి మరియొక పంక్తిలోను ఉండుటచే అవి రెండు వేరు చెట్లవని తలచు గృహిణులు కలరు. రెండును ఒక్క తీగవే. ఒకటి నేలకు పైది, ఒకటి క్రిందిది.