ఆవు పళ్ళూ, సైకిలు దీపమూ

ధర్మానికిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని మన సామెత. పెద్దల మాట కాదనడం కాదుగానీ, ఆ ఆవుని ఇంటికి తోలుకెళ్ళి గడ్డి వేసేవాడికి పళ్ళ లెక్క అక్కరలేదా అని నాకు చిన్న సందేహం. ఇచ్చినవాడి ఎదుటే నోరు తెరిపించి చూడడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ పళ్ళు లెక్కపెట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. కంపెనీవాడు వస్తువు ఊరికే పంపిస్తాడు. వీళ్ళు వాడి చూసి, మంచీచెడ్డా పదిమందికీ తెలిసేలా రాయాలి. ఈ పనికి చరిత్ర ఏమైనా వుందా అని వెతుక్కుంటూ పోతే నేను సైకిలు దీపం దగ్గర ఆగాను.

దీపమే ఎందుకంటారా? చీర అయితే అంచు పట్టుకు చూస్తాం. వంకాయ అయితే తొడిమ చూస్తాం. దీపాన్ని పగటిపూట దుకాణంలో నొక్కి చూడండి, ప్రతిదీ బ్రహ్మాండంగానే వెలుగుతుంది. దాని అసలు గుణం బయటపడేది అమావాస్య చీకట్లో, గోతుల రోడ్డు మీద, వాన జల్లులో. అప్పుడు తెలిసి మాత్రం ఏం లాభం? అందుకే మనకంటే ముందు వెళ్ళి చూసొచ్చి చెప్పే మనిషి కావాలి.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వీధుల్లో జోసెఫ్ లూకాస్ అనే ఆయన బండి తోసుకుంటూ కిరసనాయిలు అమ్మేవాడు. తరవాత దీపాలు చేయడం మొదలుపెట్టాడు. 1879 ప్రాంతంలో ఆయన తయారుచేసిన సైకిలు దీపానికి ‘కింగ్ ఆఫ్ ది రోడ్’ అని పేరు పెట్టాడు. పేరు చూడండి, రహదారికే రాజుట! అప్పట్లో సైకిలంటే ముందుచక్రం మనిషెత్తున వుండేది కదా, ఈ రాజుగారు ఆ చక్రం మధ్యలో, ఇరుసుకి వేలాడుతూ ఊరేగేవారు. 1888లో అక్కడి చట్టం సైకిలు కూడా బండే అని తేల్చి, పొద్దుగుంకిన గంట తరవాత దీపం లేకుండా తిరగకూడదంది. ఇక దీపాలు చేసేవాళ్ళకి పండగే.

ఆ తరవాత కార్బైడు దీపాలొచ్చాయి. కార్బైడనగానే మనకి మామిడిపళ్ళూ, వాటిని దొంగతనంగా ముగ్గబెట్టే వ్యాపారులూ గుర్తొస్తారు. ఆ గడ్డలే సుమండీ. వాటిమీద బొట్టుబొట్టుగా నీళ్ళు పడితే వాయువు పుడుతుంది, అది తెల్లగా కళ్ళు జిగేల్మనేలా మండుతుంది. వెలుగు గొప్పదే, కానీ వాసన భరించలేం. పొద్దున్నే లోపలి సున్నం గోకి కడుక్కోవాలి. ఇంట్లో అంట్లకి తోడు ఇదొకటి. ఆపైన డైనమో వచ్చింది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. అందులో ముందు దీపానికి 2.4, వెనక ఎర్రదీపానికి 0.6. టైరుకి ఒరుసుకుంటూ తిరిగే ఆ బుడ్డి మన ఊళ్ళలోనూ చాలామంది సైకిళ్ళకి వుండేది. దీపం లేనివాణ్ణి పోలీసు ఆపితే, దిగి నడిపించుకుంటూ వెళ్ళడమూ, పోలీసు మలుపు తిరగ్గానే మళ్ళీ ఎక్కడమూ మనకి తెలియని కథ కాదు. డైనమోకి ఒక్కటే జబ్బు. సైకిలు ఆగితే దీపమూ ఆరిపోతుంది. లారీ వస్తోందని పక్కకి ఆగిన మనిషి, సరిగ్గా ఆ క్షణానే ఎవరికీ కనిపించకుండా పోతాడు. దుకాణంలో బేరమాడుతున్నప్పుడు ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇప్పటి డైనమో దీపాల్లో కెపాసిటర్ అనే చిన్న బిళ్ళ పెడుతున్నారు. బండి ఆగినా కొన్ని నిమిషాలు వెలుగు నిలుస్తుంది.

మరి ముందు వెళ్ళి చూసొచ్చే ఆ మనిషి ఎవరు? మొదట్లో సైకిలు పత్రికలవాళ్ళే. కొవెంట్రీలో హెన్రీ స్టర్మీ అని ఒకాయన బడిపంతులు. సైకిళ్ళ మీద చేతిపుస్తకం రాశాడు, ‘ది సైక్లిస్ట్’ పత్రిక నడిపాడు. ఏ బండి ఎలాంటిదో ఆయనకి తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1895లో ‘ది ఆటోకార్’ పత్రిక పెట్టినప్పుడు దానికీ ఆయనే సంపాదకుడు. మరుసటేడు డైమ్లర్ మోటారు కంపెనీ పుట్టింది. దాని డైరెక్టర్లలో ఆయనా ఒకరు! 1897లో డైమ్లర్ బండిమీద దేశం ఈ కొసనుంచి ఆ కొసదాకా ప్రయాణం చేసి, దాన్ని పుస్తకంగా కూడా వేశాడు. ఆయన అబద్ధం రాశాడని నేను అనను. బండి నిజంగానే అంత దూరం వెళ్ళింది కదా. కానీ పెళ్ళికొడుకు మేనమామే సంబంధం గురించి మధ్యస్థంగా చెప్పడానికొస్తే, మనం వింటూనే మరో ఇద్దర్ని కనుక్కోమూ?

ఆడవాళ్ళ పత్రికల సంగతి ఇంకా ముచ్చటైనది. అమెరికాలో ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పత్రిక 1900లో ఒక ప్రయోగశాల పెట్టింది. పొయ్యిలూ, గిన్నెలూ, తినుబండారాలూ అక్కడ పరీక్షించి 1909 నుంచి ఆమోదముద్ర వేయడం మొదలుపెట్టింది. గృహిణులు ఆ ముద్ర చూసి కళ్ళు మూసుకుని కొనేవారు. చిక్కల్లా ఏమిటంటే ఆ వస్తువుల ప్రకటనలూ ఆ పత్రికలోనే. 1939లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఈ ముద్రలూ హామీలూ పాఠకుల్ని తప్పుదారి పట్టిస్తున్నాయని తగువు పెట్టింది. 1941లో పత్రిక ముద్రమీది మాటలు మార్చుకోవలసి వచ్చింది.

ఈలోగా మరికొందరు అసలు ఊరికే పుచ్చుకోవడమే వద్దన్నారు. కన్స్యూమర్స్ రీసెర్చ్ అనే సంస్థ 1929 నుంచి వస్తువులు పరీక్షించేది. 1935లో అక్కడ సంఘం పెట్టుకోబోయిన ముగ్గురిని తీసేస్తే సమ్మె జరిగింది. ఆ సమ్మెలోంచి 1936లో కన్స్యూమర్స్ యూనియన్ పుట్టింది. వాళ్ళ మొదటి సంచికలో పాలు, సబ్బు, మేజోళ్ళు. అంటే మన సరుకుల చీటీయే! నియమం ఒక్కటే. ప్రకటనలు వేసుకోరు, కంపెనీ పంపింది ముట్టరు. మామూలు మనిషిలా దుకాణానికి వెళ్ళి డబ్బిచ్చి కొంటారు. కోపమొచ్చి చాలా పత్రికలు వాళ్ళ సంస్థ ప్రకటనని డబ్బిస్తానన్నా వేసుకోలేదు.

ఈ నియమం వెనక మొహమాటం ఒక్కటే లేదు. కంపెనీవాడు పంపే దీపం గుట్టలోంచి ఏరి పంపినదైతే? పైవరసలో నిగనిగలాడే పళ్ళు పేర్చిన బుట్ట మనకి కొత్తా? అడుగునున్న పండు కావాలంటే మనమే చెయ్యిపెట్టి తీసుకోవాలి. ఇంగ్లండులో 1957లో ‘విచ్?’ పత్రిక ఒక గ్యారేజీలో మొదలైనా, పశ్చిమ జర్మనీ 1964లో స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ పెట్టినా, పట్టుకున్నది ఈ పద్ధతే. మన దేశంలో 1966లో బొంబాయిలో తొమ్మిదిమంది స్త్రీలు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టారు. వినియోగదారుల చట్టం రావడానికి అది ఇరవై ఏళ్ళ ముందు సంగతి. వాళ్ళ గురించి మనం చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదనిపిస్తుంది నాకు.

కానీ అన్నీ కొని చూసే స్తోమతు ఎందరికుంటుంది? ఒంటరిగా సైకిలు తొక్కుకునే మనిషి పది దీపాలు కొని పోల్చి చూడగలడా? కనక ఊరికే వచ్చిన దీపమే గతి. మన పుస్తక సమీక్షలూ అంతేగా. సమీక్షకి రెండు ప్రతులు పంపండి అంటారు. రచయిత తెలిసినవాడైతే సమీక్షకుడు ‘ముఖచిత్రం అందంగా వుంది, అచ్చు చక్కగా వుంది’ అని రాసి ఊరుకుంటాడు. అనుభవమున్న పాఠకురాలు ఆ రెండు ముక్కలకే అర్థం చేసుకుని పుస్తకం కొనడం మానేస్తుంది. చెడ్డ పుస్తకం వల్ల పోయేది ఒక మధ్యాహ్నం. కాకపోతే పాతికో పరకో. చెడ్డ దీపం వల్ల పోయేది మన పిల్లాడి కాలో, చెయ్యో, ఇంకా పైన మాటో. ట్యూషనునించి రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చే పిల్ల వెనక ఎర్రదీపం సగం దారిలో ఆరిపోతే, ‘పెట్టె అందంగా వుంది’ అన్న వాక్యం ఎందుకు పనికొస్తుంది?

నిజాయితీగా రాసేవాళ్ళు మొట్టమొదటి వాక్యంలోనే చెప్పేస్తారు, ఇది నాకు ఫలానా కంపెనీ ఊరికే పంపింది, చూశాక తిరిగి పంపేశాను, లేదా వుంచుకున్నాను, రాసినది వాళ్ళకి ముందుగా చూపించలేదు అని. ఇది చివర్లో చిన్న అక్షరాల్లో చెప్పే మాట కాదు. అమెరికాలో 2009 నుంచి ఇలా బయటపెట్టాలని కమిషన్ నిబంధన. మన దగ్గర ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇలాంటి సూత్రాలే పెట్టింది. 2022లో ప్రమాణాల సంస్థ, అదే మన పాత ఐ.ఎస్.ఐ. మార్కువారు, ఇంటర్నెట్‌లో వచ్చే వినియోగదారుల అభిప్రాయాలకి కూడా ఒక ప్రమాణం రాశారు.

అయితే ఊరికే వచ్చిందని ఒప్పేసుకుంటే సరిపోదు. ఒప్పుకుని పొగిడినా పొగడ్తే కదా. పెట్టెమీది అంకెలు తిరగరాయడం సమీక్ష కాదు. ఇన్ని గంటలు వెలుగుతుందని రాసి వుంటుంది. నిండుగానా, మిణుకుమిణుకుమనా? చేతిదీపాలకి 2009లో వచ్చిన అమెరికా ప్రమాణం ప్రకారం, మొదటి వెలుగులో పదోవంతుకి పడిపోయేదాకా గడిచిన కాలమంతా లెక్కలోకే వస్తుంది. పదోవంతు వెలుగుతో గొయ్యి కనిపిస్తుందా? అందుకని ఛార్జీ నిండుగా చేసి, గడియారం పక్కన పెట్టుకుని, గంటకోసారి గోడమీద వెలుగు చూసి రాసుకోవాలి. ల్యూమెన్లు ఎన్ని అన్నది ఇంకో మాయ. అది దీపంలోంచి వచ్చే మొత్తం వెలుగు. అందులో సగం చెట్లకొమ్మలకీ, ఎదురొచ్చేవాడి కళ్ళకీ పోతే మనకి మిగిలేదెంత? జర్మనీవాళ్ళు అందుకే రోడ్డుమీద పడే వెలుగుని పది మీటర్ల దూరంలో లక్సుల్లో కొలుస్తారు, కనీసం పది వుండాలంటారు. ఎదుటివాడి కళ్ళలో కొట్టకూడదని కూడా చట్టంలోనే రాసుకున్నారు. మన రోడ్లమీద ఎదురొచ్చే హెడ్‌లైట్లు తలుచుకుంటే, ఆ ఒక్క నియమానికీ నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

తక్కినవి చిన్నచిన్న సంగతులు. గతుకులకి దీపం తల వాల్చేస్తుందా? ఛార్జీ పెట్టేచోట రబ్బరు మూత నెల తిరక్కుండా ఊడొస్తుందా? తడిచేత్తో మీట పలుకుతుందా? పక్కనుంచి వచ్చేవాళ్ళకి కనిపిస్తుందా? తను సొంత డబ్బుతో కొన్న దీపం ఒకటి పక్కన పెట్టి పోల్చాలి. ఆర్నెల్ల తరవాత ఏమైందో మళ్ళీ రాయాలి. ఆ రెండోసారి రాసేవాళ్ళు బహు తక్కువ, ఎందుకంటే అప్పటికి కొత్త పార్సెలు వచ్చి కూర్చుంటుంది.

రాకపోవచ్చు కూడా. మూత ఊడిందని ఉన్నదున్నట్టు రాస్తే కొందరు తయారీదార్లు మూత మారుస్తారు, కొందరు జాబితాలోంచి ఆ రాసినవాళ్ళ పేరు మారుస్తారు. పేరు కొట్టేయించుకున్నవాళ్ళు రాసిన పాత సమీక్ష ఎక్కడైనా దొరికితే, నేనైతే దీపం కొనేముందు అదే చదువుతాను.