నవోదయలో సీటొచ్చిందా? మీ పిల్లలది ఏ ‘హౌస్’ అని అడగండి

మీ అబ్బాయికో అమ్మాయికో జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి సీటొస్తే అందరూ ముందు చదువు గురించే అడుగుతారు. అసలు తెలుసుకోవాల్సింది హౌస్ సంగతి. పదీ పదకొండేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్‌లో ఉండే పిల్లలకు అక్కడ ఇల్లంటే అదే.

దేశంలోని నవోదయలన్నింటిలో హౌస్‌ల పేర్లు ఒకటే.. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. అన్నీ కొండల పేర్లే. టీచర్లలో ఒకరు హౌస్ మాస్టర్‌గా, విద్యార్థుల్లో ఒకరు కెప్టెన్‌గా ఉంటారు. ఆటలు, క్విజ్, సాంస్కృతిక పోటీల్లో ఎవరు గెలిచినా పాయింట్లు హౌస్ ఖాతాలోకే. అయితే కప్పుల కంటే రోజువారీ పనులే ఎక్కువ నేర్పిస్తాయి. డార్మిటరీ ఊడ్చే వంతు, హాజరు, జ్వరమొచ్చిన తమ్ముడి సంగతి హౌస్ మాస్టర్‌కు చేరవేయడం.. కెప్టెన్ సత్తా తెలిసేది ఇక్కడే.

తొమ్మిదో తరగతిలో ‘మైగ్రేషన్’ ఉంటుంది. 30 శాతం మంది ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయలో చదవాలి. మన పిల్లలు సాధారణంగా హిందీ రాష్ట్రాలకు వెళ్తారు. మాట రాకపోయినా అక్కడా అవే నాలుగు హౌస్‌లు. కబడ్డీ జట్టులో చోటు దొరికితే భాష అదే వస్తుంది.

ఇందులో ఇబ్బందీ ఉంది. సీనియర్ చేతికి బాధ్యతతో పాటు పెత్తనమూ వస్తుంది. చిన్నపిల్లలతో బట్టలు ఉతికించుకోవడం, కొట్టడం నాయకత్వం కాదు, ర్యాగింగ్. పిల్లలను చూడటానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ‘మీ కెప్టెన్ ఎలా ఉంటాడు?’ అనీ అడగండి. జవాబు తేడాగా ఉంటే ముందు హౌస్ మాస్టర్‌తో, అక్కడ తేలకపోతే ప్రిన్సిపల్‌తో రాతపూర్వకంగా మాట్లాడండి.