అంకెలకు చిక్కని జయసింహ

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట యొకటి కలదు. మన క్రికెట్టునకు దూరపు చుట్టమే. అందును బంతి విసరువాడొకడు, కఱ్ఱతో కొట్టువాడొకడు. అచ్చటి అభిమానులకు అంకెల పిచ్చి మెండు. 1927లో బేబ్ రూత్ 60 హోమ్ రన్నులు కొట్టినాడనియు, లూ గెరిగ్ ఒక్కటైనను మానక వరుసగా 2,130 ఆటలాడినాడనియు తాతలు మనుమలకు పద్దు చదివినట్లు వినిపింతురు. ఆ కొలబద్దతో మన హైదరాబాదు ఆటగాండ్రను కొలిచి చూడవలెనని మాకొక సరదా పుట్టినది.

1939లో సికిందరాబాదున జన్మించిన ఎం. ఎల్. జయసింహను తీసికొందము. 39 టెస్టులు, 2,056 పరుగులు, మూడు శతకములు, సగటు 30 పైన చిల్లర. పద్దు చూచు గుమాస్తాయైనచో ఈ పుటను తిప్పివేయును. కాని సునీల్ గవాస్కర్ తన కుమారునకు రోహన్ జయవిశ్వ అని నామకరణము చేసినాడు. రోహన్ కన్హాయి, జయసింహ, విశ్వనాథ్ - ముగ్గురి పేళ్ళును అందు ఇమిడియున్నవి. పదివేల పరుగులు చేసినవాడు రెండువేల పరుగులవాని పేరు ఇంట నిలుపుకొన్నాడన్నచో, అంకెల కందనిదేదో ఆ కాలరెత్తిన చొక్కాలో ఉండియే యుండవలెను.

1960 జనవరిలో కలకత్తా యందు ఆస్ట్రేలియాతో టెస్టు జరిగినది. అందు జయసింహ అయిదు దినములలోను ఏదో యొకవేళ బ్యాటు పట్టినాడు. టెస్టు చరిత్రలో అట్లు ఆడిన మొదటివాడతడే. చేసినదెంత? తొలి ఇన్నింగ్సున ఔటు కాక 20, రెండవదానిలో 74. అదే సంవత్సరము డిసెంబరులో కాన్పూరున పాకిస్తానుపై ఎనిమిది గంటలకు పైగా నిలిచి, 99 వద్ద రనౌటైనాడు! తొమ్మిది ఇన్నింగ్సులతో ఆట ముగించుకొని పోవు బేస్‌బాల్ వారికి ఈ ఓపిక ఎట్లు బోధపరచగలము?

ఇంతకు మించినది 1968 జనవరి నాటి బ్రిస్బేను టెస్టు. ఆస్ట్రేలియాకు బయలుదేరిన జట్టులో ఆతనికి చోటు దొరకలేదు. చంద్రశేఖర్ గాయపడగా పిలుపు వచ్చినది. విమానము దిగి, అలవాటు పడుటకు తగిన వ్యవధి లేకయే బరిలోనికి దిగి 74, 101 చేసినాడు. గెలుపునకు 395 కావలసియుండగా మనవారు 355 చేసి, 39 పరుగుల తేడాతో ఓడిరి. అప్పటికి రామచంద్రపురమున భెల్ కర్మాగారము వెలసి కొద్ది యేండ్లే. పటాన్‌చెరువునకు ఇక్రిశాట్ ఇంకను రాలేదు. మా సంగారెడ్డి వైపు పెద్దలు ఇద్దరు కలిసినచో ఆ 39 పరుగుల లెక్క నేటికిని తేలదు. ముందుగనే పంపియున్నచో ఏమయ్యెడిదని ఒకరు, అప్పటి కసి ఉండెడిది కాదని మఱియొకరు. మేము మొదటివారి పక్షము.

గులాం అహ్మద్‌ను మఱచితిమని శ్రోతలు కోపింపవలదు. 1950-51లో హోల్కరు జట్టుపై ఒకే ఇన్నింగ్సున 92 ఓవర్ల మూడు బంతులు వేసిన స్పిన్నరాయన. చివరి బ్యాటుగాడై 1952లో ఢిల్లీలో పాకిస్తానుపై 50 కొట్టి, హేము అధికారితో కలిసి 109 పరుగులు జోడించినాడు. ఆ భుజము ఉక్కుతో చేసినదా అని మాకు సందేహము.

మరల జయసింహ యొద్దకు వత్తము. భారత జట్టునకు పటౌడీ నవాబు నాయకుడు, జయసింహ అనుచరుడు. హైదరాబాదు జట్టులో ఆ వరుస తలక్రిందులు: జయసింహ నాయకుడు, నవాబుగారు ఆతని ఆజ్ఞకు బద్ధులు. ఇందు ఇరువురిలో ఎవ్వరికిని చిన్నతనము తోచలేదు. అంతటి నాయకునికి భారత జట్టు పగ్గములు ఒక్క టెస్టునకైనను దక్కలేదు. రంజీ ట్రోఫీయు దక్కలేదు. 1937-38లో ఐబారా ఔటు కాక చేసిన 137 పరుగుల బలమున, ఒక్క వికెట్టు మిగిలియుండగా నవానగరును గెలిచి హైదరాబాదు తెచ్చుకొన్న ఆ ట్రోఫీ, మరల 1986-87లో గాని ఇల్లు చేరలేదు. అప్పటి నాయకుడు ఎం. వి. నరసింహారావు.