ఫైర్ అలారం నియంత్రణ ప్యానెల్

ఫైర్ అలారం నియంత్రణ ప్యానెల్ అనేది పెద్ద భవనాలలో అగ్నిప్రమాదాన్ని తొలిదశలోనే గుర్తించి, లోపల ఉన్నవారిని హెచ్చరించే వ్యవస్థకు కేంద్రమైన పరికరం. భవనమంతటా అమర్చిన పొగ డిటెక్టర్లు, వేడి డిటెక్టర్ల నుండి వచ్చే సంకేతాలను ఇది స్వీకరించి, ప్రమాదం జరిగిన చోటును చూపి, సైరన్లను మోగిస్తుంది. అవసరాన్ని బట్టి కార్డులను చేర్చుకుంటూ విస్తరించగలిగే వాటిని మాడ్యులర్ ప్యానెళ్ళు అంటారు. గోదావరి డెల్టాలోని రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం వంటి పట్టణాలలో బహుళ అంతస్తుల ఆసుపత్రులు, హోటళ్ళు, వస్త్ర దుకాణాలు పెరగటంతో వీటి అవసరం ఇక్కడ కూడా పెరిగింది.

చరిత్ర

1852లో అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం చానింగ్, మోజెస్ ఫార్మర్ రూపొందించిన టెలిగ్రాఫ్ హెచ్చరిక వ్యవస్థ ప్రారంభమైంది. వీధిలోని పెట్టెను తెరచి పిడిని త్రిప్పితే, ఆ పెట్టె సంఖ్య కేంద్ర కార్యాలయానికి చేరేది. 1890లో ఫ్రాన్సిస్ అప్టన్ తనంతట తానే మోగే విద్యుత్ అలారానికి పేటెంటు పొందాడు. 1930లలో స్విట్జర్లాండుకు చెందిన వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే పరికరం కోసం ప్రయత్నిస్తూ, అది సిగరెట్ పొగకు స్పందించటం గమనించాడు. ఈ పరిశీలనే పొగ డిటెక్టర్లకు దారితీసింది. మైక్రోప్రాసెసర్ల రాకతో ఒక్కొక్క డిటెక్టరును విడిగా గుర్తించగల ప్యానెళ్ళు తయారయ్యాయి.

ముఖ్య భాగాలు

* ప్రధాన కార్డు: సంకేతాలను పరిశీలించి నిర్ణయం తీసుకొనే భాగం.
* లూప్ కార్డులు: డిటెక్టర్ల తీగలు వీటికి కలుస్తాయి. భవనానికి కొత్త అంతస్తు చేరితే మరొక కార్డు అమర్చితే చాలు.
* విద్యుత్ సరఫరా, బ్యాటరీలు: ఎక్కువ ప్యానెళ్ళు 24 వోల్టుల డి.సి. విద్యుత్తుతో పనిచేస్తాయి.
* రిలే కార్డులు: లిఫ్టులు, ఫ్యాన్లు, పంపులు మొదలైన వాటికి ఆదేశాలు పంపుతాయి.
* రిపీటర్ ప్యానెల్: ప్రధాన ప్యానెల్ సమాచారాన్ని నర్సుల గది, కాపలా గది వంటి చోట్ల కూడా చూపుతుంది.

రకాలు

సాధారణ ప్యానెల్‌లో భవనాన్ని జోన్లుగా విభజిస్తారు. అలారం మోగినపుడు జోన్ మాత్రమే తెలుస్తుంది. సిబ్బంది ఆ జోన్‌లోని గదులన్నీ వెదకవలసి ఉంటుంది. చిన్న భవనాలకు ఇది సరిపోతుంది.

అడ్రసబుల్ ప్యానెల్‌లో ప్రతి డిటెక్టరుకూ ఒక సంఖ్య ఉంటుంది. కనుక ఏ అంతస్తులో, ఏ గదిలో పొగ వచ్చిందో తెరపై కనిపిస్తుంది. తీగ ప్యానెల్ నుండి బయలుదేరి తిరిగి ప్యానెల్‌కే చేరుతుంది. అందువలన ఒకచోట తెగినా రెండవ వైపు నుండి సంకేతం అందుతుంది. షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే ఐసోలేటర్లు ఆ భాగాన్ని మాత్రమే విడదీస్తాయి.

పనిచేయు విధానం

ప్యానెల్ డిటెక్టర్లను నిరంతరం పలకరిస్తూ ఉంటుంది. పొగ నిర్ణీత స్థాయిని దాటితే సైరన్లు మోగుతాయి. అదే సమయంలో లిఫ్టులు క్రింది అంతస్తుకు చేరతాయి, ఎయిర్ కండిషనింగ్ ఫ్యాన్లు ఆగిపోతాయి, విద్యుత్ తాళాలున్న తలుపులు తెరుచుకుంటాయి. తీగ తెగటం, బ్యాటరీ బలహీనపడటం వంటి లోపాలను అలారంగా కాక 'ఫాల్ట్' అని వేరుగా చూపుతుంది.

ప్రాముఖ్యత

అగ్నిప్రమాదాలలో మంట కంటే ముందు పొగ ప్రాణాలు తీస్తుంది. 2020 ఆగష్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా వాడుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో జరిగిన ప్రమాదంలో 10 మంది మరణించారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక భవనం క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు రేగగా, పొగ పైనున్న లాడ్జిని కమ్మివేసి 8 మంది మరణించారు. 2023 మార్చి 16న అదే నగరంలోని స్వప్నలోక్ కాంప్లెక్సులో 6 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవారికి, మంచం దిగలేని రోగులకు కొన్ని నిమిషాల ముందస్తు హెచ్చరిక ఎంతో విలువైనది.

గోదావరి డెల్టాలో ప్రత్యేక పరిస్థితులు

డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. తేమ, ధూళి, చిన్న పురుగులు పొగ డిటెక్టరు లోపలికి చేరితే తప్పుడు అలారాలు వస్తాయి. విసిగిపోయిన సిబ్బంది సైరన్లను ఆపివేస్తే, నిజమైన ప్రమాద సమయంలో వ్యవస్థ ఉండీ లేనట్లే. కాకినాడ, నరసాపురం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి తీగల అతుకులు తుప్పు పడతాయి. 1996 నవంబరు తుఫాను వంటి విపత్తులలో విద్యుత్ సరఫరా రోజుల తరబడి నిలిచిపోవచ్చు. కనుక బ్యాటరీలతో పాటు జనరేటర్ కూడా అవసరం. వరద చేరే చోట్ల ప్యానెల్‌ను సెల్లారులో అమర్చరాదు. వంటగదులలో పొగ డిటెక్టరుకు బదులు వేడి డిటెక్టరు వాడతారు. పొగ డిటెక్టర్లు గ్యాస్ లీకును గుర్తించలేవు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను ప్రమాదం జరిగిన ఈ ప్రాంతంలో ఆ తేడా తెలిసి ఉండటం ముఖ్యం. గ్యాస్ వాడే చోట్ల ప్రత్యేక గ్యాస్ డిటెక్టర్లు కావాలి.

నిబంధనలు, నిర్వహణ

భారతదేశంలో ఈ వ్యవస్థల ఎంపిక, అమరిక, నిర్వహణకు ఐ.ఎస్. 2189 ప్రమాణం ఉంది. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగవ భాగం అగ్ని భద్రతకు సంబంధించినది. ఇది 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల భవనాలను ఎత్తైన భవనాలుగా పరిగణిస్తుంది. రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999 ప్రకారం ఎత్తైన భవనాలకు అగ్నిమాపక శాఖ నుండి నిరభ్యంతర పత్రం పొందాలి.

డిటెక్టర్లను క్రమం తప్పక శుభ్రపరచి పరీక్షించాలి. బ్యాటరీలను గడువులోగా మార్చాలి. ప్యానెల్ ప్రక్కన భవనపు పటాన్ని తెలుగులో ఉంచితే రాత్రి కాపలాదారుకు కూడా ఉపయోగపడుతుంది. అలారం మోగగానే మెట్ల మార్గంలో బయటికి వెళ్ళి, 101 నంబరుకు ఫోన్ చేయాలి. లిఫ్టు వాడరాదు.

ఇవి కూడా చూడండి

* అగ్నిమాపక దళం
* అగ్నిమాపక సాధనాలు
* షార్ట్ సర్క్యూట్