మాగాడి తిలాపియా

మాగాడి తిలాపియా సిక్లిడే కుటుంబానికి చెందిన ఒక చిన్న చేప. దీని శాస్త్రీయ నామం ఆల్కోలాపియా గ్రహామి. ఇది సహజంగా కెన్యా దక్షిణ భాగంలో, గ్రేట్ రిఫ్ట్ లోయలోని మాగాడి సరస్సులోను, దాని పక్కనే ఉన్న చిన్న మాగాడి సరస్సులోను మాత్రమే జీవిస్తుంది. 1912లో బౌలెంజర్ అను శాస్త్రవేత్త దీనిని తిలాపియా ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. కొందరు దీనిని నేటికీ ఓరియోక్రోమిస్ ప్రజాతిలోనే ఉంచుతారు. ఐ.యు.సి.ఎన్. ఎర్ర జాబితా దీనిని హాని పొందే అవకాశం గల జాతిగా పేర్కొన్నది.

ఆవాసం

స్వాహిలీ భాషలో మాగాడి అనగా సోడా. పేరుకు సరస్సే గాని, ఇందులో అధిక భాగం ట్రోనా అనే సోడా ఖనిజం గడ్డకట్టిన పొర. అంచులలో వేడినీటి ఊటలు వచ్చి చేరే మడుగులలోనే ఈ చేపలుంటాయి. ఆ నీటి పి.హెచ్. విలువ సుమారు 10. ఉష్ణోగ్రత కొన్నిచోట్ల 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. కాబట్టి మంచినీటి చేపల వర్గంలో చేర్చినా, ఇది బ్రతికేది మంచినీటిలో కాదు.

శరీరధర్మం

సాధారణంగా చేపలు శరీరంలోని నత్రజని వ్యర్థాలను అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా విసర్జిస్తాయి. ఇంతటి క్షార జలంలో అమ్మోనియా బయటకు పోలేక శరీరంలోనే నిలిచి విషమవుతుంది. మాగాడి తిలాపియా క్షీరదాల వలె ఆ వ్యర్థాన్ని యూరియాగా మార్చి విసర్జిస్తుంది. మానవులలో ఈ పని కాలేయంలో జరుగుతుంది. ఈ చేపలో కండరాలు కూడా యూరియాను తయారుచేస్తాయి. ఈ చేప యూరియాను విసర్జిస్తుందన్న విషయం 1989లో నేచర్ పత్రికలో ప్రచురితమైనది. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు దాదాపు అడుగంటినప్పుడు ఈ చేపలు ఉపరితలానికి వచ్చి గాలిని మ్రింగుతాయి. ఆహారం ప్రధానంగా నీలి-ఆకుపచ్చ శైవలాలు. ఆడచేప గ్రుడ్లను, పిల్లలను నోటిలో దాచుకొని కాపాడుతుంది.

ముప్పు

ఇంతటి కఠిన పరిస్థితులను తట్టుకొనే ఈ చేపకు ఆ కొద్దిపాటి మడుగులే ఆధారం. ఊటల నీరు తగ్గినా, దారి మళ్ళినా వేరొక చోటికి పోలేదు. ఈ సరస్సు నుండి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుండి సోడాను వెలికితీస్తున్నారు.

నకురు సరస్సులో

1950, 60 దశకాలలో దోమల నివారణకై ఈ చేపలను కెన్యాలోనే ఉన్న నకురు సరస్సులో వదిలారు. అంతకుముందు ఆ సరస్సులో చేపలే లేవు. చేపలు వృద్ధి చెందిన తరువాత వాటిని తినే తెల్ల పెలికాన్లు అక్కడకు వేలాదిగా రాసాగాయి.