రాజు ముఖం మీద గాటు

పాత నాణేలు పోగుచేయడం మన దేశంలో చాలాకాలం దొరలకూ జమీందారులకూ సరదాగా ఉండేది. జీతం రాళ్ళ మీద బతికే బడిపంతులుకు ఆ సరదా ఎందుకని మిత్రులు నన్ను అడుగుతుంటారు. ఇది సరదా కాదు, చరిత్ర అధ్యయనమని జవాబు చెప్పేవాణ్ణి. ఆ జవాబు సగమే నిజమని నాకు తెలియజెప్పినవాడు నా విద్యార్థి ఒకడు.

పాలకొల్లులో ఒక కంసాలి కొట్టులో, కరిగించడానికి సిద్ధంగా ఉన్న పాత వెండి మధ్య నాకొక రోమన్ నాణెం కనిపించింది. తూకానికి కొన్నాను. దీనారియస్ అనే వెండి నాణెం అది. ఒకవైపు ఆకుల దండ తలకు చుట్టుకున్న టైబీరియస్ చక్రవర్తి ముఖం. రెండోవైపు కుర్చీలో కూర్చుని ఒక చేత దండం, ఒక చేత కొమ్మ పట్టుకున్న స్త్రీ. తరగతిలో దాన్ని చూపించి అరగంట మాట్లాడాను. అంతా విని ఆ కుర్రవాడు లేచి, “మాస్టారూ, ఇది ఏ ఊళ్లో దొరికిందండీ?” అన్నాడు. ఆ మాట నేను కంసాలిని అడగనే లేదు. మరునాడు వెళ్ళి అడిగితే అతనికీ గుర్తు లేదు.

నాణేల బొమ్మల్లో తేడాలు వెతకడం పనికిమాలిన పని అని నేననను. క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించిన టైబీరియస్ యీ బొమ్మను దాదాపు మార్చలేదు. అయినా అచ్చులు చేత్తో చెక్కినవి. ఏ రెండూ ఒకటి కావు. ఒకదానిలో కుర్చీ కాళ్ళు సాదాగా ఉంటాయి, మరొకదానిలో నగిషీతో ఉంటాయి. అంతకుముందరి ఆగస్టస్ నాణెం మీద అతని దత్తపుత్రులు గైయస్, లూసియస్ డాళ్ళూ బల్లేలూ మధ్య ఉంచుకుని నిలబడి ఉంటారు. వారి పైన ఒక పూజా గరిటె, ఒక వంకీకర్ర. కొన్ని అచ్చుల్లో యీ రెండూ కుడి ఎడమలు మారతాయి. ఇటువంటి తేడాల వల్లనే ఏ నాణేలు ఒకే అచ్చున పడ్డాయో, ఏది ముందో ఏది వెనకో, ఏది నకలో తేలుతుంది.

కాని బొమ్మ చెప్పేది రాజు చెప్పదలచుకున్న మాట. గైయస్, లూసియస్ ఆగస్టస్ బతికి ఉండగానే చనిపోయారు. వారిని వారసులుగా చాటిన నాణేలు మాత్రం సముద్రాలు దాటి మన నేలలో నిలిచిపోయాయి. రాజు మాటను నమ్మాలా అన్నది పుచ్చుకున్నవాడు తేల్చుకోవలసిన సంగతి. క్రీ.శ. 77లో గ్రంథం వెలువరించిన ప్లినీ ఒక కథ చెప్పాడు. సింహళ రాజు రోమన్ నాణేలను చూసి, ముఖాలు వేరయినా బరువులు ఒక్కటేనని మెచ్చుకున్నాడట. ఆ మెప్పు ముఖానికి కాదు, బరువుకు. క్రీ.శ. 64లో నీరో దీనారియస్ బరువు తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. మన దేశంలో దొరికిన రోమన్ వెండిలో ఆగస్టస్, టైబీరియస్‌ల నాణేలే అధికం. ఆ తర్వాతివి అరుదు. మన వర్తకుడు కిరీటాన్ని చూసి మోసపోలేదు.

1898లో పుదుక్కోటలో 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉన్నది. లోపలి లోహాన్ని పరీక్షించడానికని కొందరు, మళ్ళీ డబ్బుగా చెల్లకుండా చేయడానికని కొందరు పండితులు అంటారు. దక్షిణదేశంలో దొరికిన మరికొన్ని బంగారు నాణేలకు తల పైన రెండు రంధ్రాలున్నాయి. మన పెద్దలు కాసులపేరు ధరించినట్టే వాటిని ఎవరో మెడలో ధరించారు. రోమ్ నగరంలో అధికార చిహ్నమైన ముఖం ఇక్కడ ఒకచోట తూకపు సరుకయింది, ఒకచోట నగ అయింది. సేకర్తల బజారులో గాటుపడిన నాణేనికి ధర తక్కువ. చరిత్ర విద్యార్థికి ఆ గాటే విలువైనది. నాణెం మీద మనవాళ్ళు చేసిన సంతకం అదొక్కటే.

ఇంతకూ ఆ లోహం దేనికి మారుగా వచ్చింది? మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం ‘పెరిప్లస్’ మన తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదని ప్లినీ వాపోయాడు. ఆ వాక్యాన్ని మనం గర్వంగా ఉదహరిస్తాం. ఆ ధనం ఎవరి ఇంటికి చేరిందని మాత్రం అడగం. శాతవాహనులు బంగారు నాణెం వేయలేదు. వారు విస్తారంగా వేసినది సీసం. ఓడ బొమ్మ గల ప్రసిద్ధ నాణేలు కూడా సీసంవే. బంగారు నాణెం చేతపట్టి సంతలో ఉప్పూ పప్పూ కొనలేము. ఓడ తెచ్చిన బంగారం వర్తకుడి పెట్టెలో ఉంటే, ఓడ బొమ్మ వేసిన సీసం సంతలో తిరిగింది. ఒకటిన్నర వేల ఏళ్ళ తర్వాత, పదిహేడో శతాబ్దంలో, డచ్చి కంపెనీ యీ పాలకొల్లులోనే కొఠీ పెట్టి, విదేశపు వెండిబంగారాలిచ్చి బట్టలు కొన్నది. ముఖాలు మారాయి, ముద్రలు మారాయి. నేసినవాడి పేరు ఏ నాణెం మీదా పడలేదు.

అందువల్లనే ఆ కుర్రవాడి ప్రశ్న నన్ను వదలలేదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. ఊరు తెలుసును, లెక్క తెలుసును. కనుక ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేలపై పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో వెలువరించిన గ్రంథం వంటి పని సాధ్యమయింది. నాణేలు చేతులు మారుతూ ఎంత అరిగాయో తూచి, అందులోంచి సమాజ చరిత్ర రాబట్టవచ్చునని కోశాంబి చూపించాడు. అందుకు కావలసింది ఒక్క నాణెం కాదు, చెదరని కుప్ప. నా నాణెం ఒంటరిది. దానికి ఊరు లేదు, పక్కన దొరికిన కుండ పెంకు లేదు. కరిగిపోకుండా నేను కాపాడింది వెండిని, చరిత్రను కాపాడలేదు.

ఈనాడు మన డెల్టాలో చేపల చెరువుల కోసం యంత్రాలు నేలను తవ్వుతున్నవి. ఏ కూలీకైనా పాత నాణెం దొరికితే మొదట కలిగేది భయం. పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. దొరికినవాడికి హక్కులు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. పోలీసు మాట వినిపించినంతగా ఆ హక్కుల మాట పల్లెకు వినిపించలేదు. కనుక నాణెం ఆ రాత్రికే కొలిమి చేరుతుంది, లేదా నావంటివాడి పెట్టె చేరుతుంది. ఆ హక్కులను చెప్పవలసింది ఉపాధ్యాయులూ విద్యార్థులూ కాకపోతే ఇంకెవరు?

నా పెట్టెలో ప్రతి నాణెం కింద ఒక చీటీ ఉన్నది: రాజు, కాలం, బరువు, బొమ్మలో తేడా. ఇప్పుడు అన్నిటికన్న పైన ‘దొరికిన ఊరు’ అని ఒక గడి చేర్చాను. టైబీరియస్ చీటీలో ఆ గడి ఖాళీ. పిల్లలకు మొదట ఆ ఖాళీనే చూపిస్తున్నాను.